84 దినముల మందు

ప్రతి సంవత్సరమును జూలై 28వ తేదీని ప్రపంచ హెపటైటిస్ దినమని జరుపుచున్నారు. ఆనాడు ఆసుపత్రుల ముంగిట బట్టలపై వ్రాసిన ప్రకటనలు వ్రేలాడును. విద్యార్థులు అట్టలు చేతబట్టి వీథులవెంట నడతురు. వక్తలు ప్రసంగింతురు. మరునాడు పత్రికలలో ఛాయాచిత్రములు పడును. అటుపిమ్మట మరల జూలై వచ్చువరకు ఆ మాట యెత్తువారు కానరారు. ఉత్సవములను మేము నిందింపము. ప్రజలకు జ్ఞాపకము కలిగించుటకు అవియు కావలసినవే. కాని యూరేగింపు రోగికి మందు గాదు. మందు వేరుగ నున్నది. అది మన తెలుగువారి కర్మాగారములలోనే తయారైనది. ప్రభుత్వము దానిని వెల లేకుండ నిచ్చెదనని మాట యిచ్చి యున్నది. అయినను రోగి దానిని చేరలేకున్నాడు. ఈ యవమానమును గూర్చియే నేడు మేము వ్రాయవలసివచ్చినది.

హెపటైటిస్ సి యనునది రక్తము మూలమున ఒకరినుండి యొకరికి సంక్రమించు వైరసు. దీనిని 1989లో గుర్తించిరి. ఆ పరిశోధనమునకై హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అను ముగ్గురకు 2020లో నోబెల్ బహుమానము లభించినది. ఇది సోకినవారిలో నూటికి సుమారు 30 మందికి ఆరుమాసములలో మందు లేకయే పోవును. తక్కిన 70 మంది శరీరమున నది కాపురముండును. కామెర్లవానికి లోకమంతయు పచ్చగా గానవచ్చు నందురు. ఈ రోగులలో పెక్కుమందికి ఆ పచ్చదనమైనను గానరాదు. జ్వరము లేదు, నొప్పి లేదు. వాడు పొలము దున్నును, బండి తోలును, బిడ్డల పెండ్లిండ్లు చేయును. ఇరువది యేండ్లు గడచుసరికి అట్టివారిలో నూటికి 15 మొదలు 30 మంది వరకు కాలేయము గట్టిపడి ముడుచుకొనిపోవును. పిదప కడుపున నీరు చేరును, రక్తపు వాంతులగును, కొందరికి కాలేయమున క్యాన్సరు పుట్టును. అప్పుడు గదా కుటుంబము మేల్కొని, పసరుకొరకు ఒక యూరికిని, మ్రొక్కుకొరకు మరియొక యూరికిని, తుదకు అప్పుచేసి వేలూరునకో చెన్నపట్నమునకో పరుగిడుట!

ఈ వైరసునకు టీకా లేదు. కాని మందు కలదు. దినమున కొకసారి చొప్పున 84 దినములు, అనగా పండ్రెండు వారములు, మాత్రలు మ్రింగినచో నూటికి 95 మందికి వ్యాధి సమూలముగ నశించును. దీర్ఘకాలము శరీరమున దాగియుండు వైరసు నింత పూర్ణముగ నిర్మూలింపగల మందు వైద్యచరిత్రమున నంతకు ముందు లేదు. ఆ మందు చరిత్రము మన చదువరులు తెలిసికొనదగినది. సొఫోస్బువిర్ అను మాత్రను 2013 డిసెంబరులో అమెరికాలో అమ్మకమునకు అనుమతించిరి. దానిని విక్రయించిన గిలియడ్ కంపెనీవారు అచట నిర్ణయించిన వెల మాత్ర కొక వేయి డాలర్లు! 84 మాత్రలకు 84 వేల డాలర్లు! ఆ వెలకు ప్రాణములు కొనుక్కొనగల కాపు చంద్రగిరి తాలూకాలో నెవడు? శ్రీకాళహస్తి నేతగాడెవడు? ఆ ధర ప్రపంచములోని పేదలకు మరణశాసనముతో సమానమై యుండెను.

ఆ శాసనము మన దేశమున చెల్లలేదు. 2014 సెప్టెంబరులో ఏడు భారతీయ కంపెనీలకు ఈ మందు చేసికొనుటకు అనుమతి లభించినది. అందు హైదరాబాదునందలి హెటెరో యొకటి. హైదరాబాదుననే యున్న నాట్కో కంపెనీవారు ఆ పేటెంటునే యెదిరించి నిలిచిరి. పిదప 2015 మార్చిలో తామును అనుమతి పొంది, 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు విడుదల చేసిరి. పోటీ పెరిగిన కొలది వెల యింకను దిగివచ్చినది. లక్షల రూపాయలు పలికిన మందు వేల రూపాయలకు వచ్చుటయందు తెలుగువారి కార్మికులకును రసాయనశాస్త్రజ్ఞులకును గల పాలు తక్కువది గాదు. ఇతర దేశముల రోగులు భారతదేశపు మాత్రలచేత బ్రదుకుచున్నారు. మన పొయ్యిమీద వండిన యన్నము ఊరందరకు పెట్టి మన పిల్లవానిని పస్తుంచినట్లున్నది మన స్థితి.

ప్రభుత్వ మేమియు చేయలేదని మేము చెప్పుట లేదు. సత్యము చెప్పవలెను. 2018 జూలై 28వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించినది. పరీక్షయు మందును ఉచితమని ప్రకటించినది. 2030 నాటికి హెపటైటిస్ సిని దేశమునుండి తొలగించుట లక్ష్యమని చెప్పినది. మంచిదే. కాని కాగితముపై నున్న హక్కు కంచములో పడిన యన్నము గాదు. 2022 నాటికి ప్రపంచమున ఈ వ్యాధితో నున్నవారు అయిదు కోట్లమంది యనియు, అందు మన దేశమువారు సుమారు 55 లక్షలనియు, ఆ యొక్క సంవత్సరమున ప్రపంచమున 2,42,000 మంది దీనిచేత మరణించిరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024లో లెక్క చెప్పిరి. ప్రపంచ రోగులలో తమకు వ్యాధి యున్నదని తెలిసినవారు నూటికి 36 మంది. మందు ముట్టినవారు నూటికి 20 మంది. మిగిలిన 80 మందికి మందు లేక కాదు, మందు చేరక.

ఎందుచేత చేరదు? పాఠకులు ఒక రోగివెంట మాతో కొంత దూరము నడువవలెనని ప్రార్థించుచున్నాము. వ్రేలికొనను సూదితో గ్రుచ్చి ఒక చుక్క రక్తము పట్టీపై వేసినచో ఇరువది నిమిషములలో ఫలితము తెలియును. దీనినే త్వరితపరీక్ష యందురు. దీనికి పెద్ద ప్రయోగశాల యక్కరలేదు. శిక్షణ పొందిన యారోగ్య కార్యకర్త చాలును. కాని యీ పరీక్ష చెప్పునది యిదివరలో వైరసు శరీరమున ప్రవేశించినదని మాత్రమే. అది యిప్పుడును జీవించి యున్నదా యని తేల్చుటకు రెండవ పరీక్ష కావలెను. పిదప కాలేయ మెంత చెడినదో చూడవలెను. పిదప మందు వ్రాయించుకొనవలెను, నెలనెల దెచ్చుకొనవలెను. మందు ముగిసిన పండ్రెండు వారములకు వ్యాధి పోయినదా యని తుదిపరీక్ష చేయించుకొనవలెను. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క దినము, ఒక్కొక్క గది, ఒక్కొక్క చీటి పెట్టినచో నేమగును? కుప్పమునుండి చిత్తూరునకు సుమారు నూరు కిలోమీటర్ల దారి. పోవుటకొక కూలి, వచ్చుటకొక కూలి, తోడువచ్చినవానికొక కూలి. ఒడలిలో నొప్పియే లేనివాడు మొదటిమారు పోవును, రెండవమారు ఆలోచించును, మూడవమారు మానుకొనును. వాడు మానుకొన్నాడని రిజిస్టరులో 'రోగి రాలేదు' అని వ్రాయుదురు. రోగి రాలేదా? మనము రానిచ్చితిమా?

అలిపిరినుండి కొండకు మూడువేల యయిదువందల పైచిలుకు మెట్లు కలవు. భక్తుడు వానినెక్కుట మ్రొక్కుబడి. అలసట వానికి పుణ్యము. ఆసుపత్రి మెట్లకు మ్రొక్కుబడి లేదు. అయితే తిరుపతివారము మనము ఆ కొండమీదనే మరియొక పాఠమును నేర్చియున్నాము. తిరుమల క్యూలో నిలిచిన యాత్రికునకు ఆకలి వేసినచో కొండ దిగి తిని రమ్మని యెవరును చెప్పరు. నిలిచినచోటికే యన్నము, పాలు, నీరు తెచ్చి యిత్తురు. దినమునకు వేలకొలది జనులకు నిలిచినచోటనే కావలసినది యందించు నేర్పు ఈ జిల్లావారికి క్రొత్తది గాదు. దేవుని క్యూలో చేయుచున్న పనిని రోగి క్యూలో చేయరాదా?

ప్రమాదమున నున్నవా రెవరో తెలియనిచో వెదకుట కష్టము. కాని వారు తెలిసినవారే. మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడుమార్లు డయాలిసిస్ యంత్రమునకు రక్తమప్పగించువారు, హెచ్.ఐ.వి. మందులకై నెలనెల వచ్చువారు, మత్తుమందులు సూదితో నెక్కించుకొను దురదృష్టవంతులు, కారాగారములందలి ఖైదీలు, ఆసుపత్రులలో వాడిన సూదులను చేతులతో నెత్తు పారిశుద్ధ్య కార్మికులు, జాతరలలో ఒకే సూదితో వరుసగా పచ్చబొట్లు పొడిపించుకొన్నవారు, మంగలి కత్తికి మెడయొగ్గినవారు, ఆ కత్తి పట్టి తమ వ్రేళ్లే కోసికొనినవారును. తిరుమల కల్యాణకట్టలో టోకెనుతో గూడ క్రొత్త బ్లేడు నిచ్చుచున్నారు. అది మెచ్చదగిన పద్ధతి. కొండక్రింది పల్లెలలోని క్షౌరశాలలకు ఆ పద్ధతి దిగిరావలదా? దినమంతయు వందల తలలు గొరుగు ఆ క్షురకుల రక్తమును సంవత్సరమున కొకమారైన పరీక్షింపవలదా?

ఇంకొక తరగతి కలదు. ఈ పఠనాలయమున కూర్చుండి మా పత్రికను చదువుచున్న గృహస్థులే ఆ తరగతివారు. దానముగ వచ్చిన రక్తమును హెపటైటిస్ సి కొరకు తప్పక పరీక్షింపవలెనను నియమము మన దేశమున క్రీ.శ. 2000 దాటిన పిదపగాని రాలేదు. అంతకు ముందు ప్రసవమున గాని, శస్త్రచికిత్సలో గాని, ప్రమాదమున గాని ఒక సీసా రక్తమెక్కించుకొన్నవారు మనలో నెందరు లేరు? జ్వరము వచ్చినప్పుడెల్ల సూది వేయనిదే వైద్యుడు వైద్యుడే కాడని పట్టుపట్టి, మరిగించిన గాజు సిరంజితో సూదులు పొడిపించుకొన్న తరము మనది గాదా? 2002-2004 సంవత్సరముల నడుమ దేశమంతట జరిగిన పరిశీలనలో, వేసిన సూదిమందులలో నూటికి 60కి మించి సురక్షితములు కావని తేలినది. కావున ఈ రోగము పాపుల రోగమని ముక్కు మూసికొనువారు తమ మోచేతి మీది పాత మచ్చలను జూచుకొందురు గాక.

కొంద రనవచ్చును: 'పంజాబుతో పోల్చిన మన దక్షిణదేశమున ఈ రోగము తక్కువ. తక్కువదానికై యింత యార్భాటమెందులకు?' తక్కువయే యని మేమును ఒప్పుకొందుము. కాని లెక్క చూతము. నూటనలువది కోట్లలో 55 లక్షలనగా వేయింటికి నలుగురు. 2011 జనాభా లెక్కలలో నాటి చిత్తూరు జిల్లా ప్రజలు 41 లక్షల పైచిలుకు. దేశపు సగటు ప్రకారమైనచో పదునారువేలమంది. మనకు సగటులో నాలుగవవంతే యనుకొందము, అయినను నాలుగువేలమంది. ఒక యూరు నాలుగువేల గడపలు దాటిన నగరమని గర్వించుచున్నాము. నాలుగువేల కాలేయములు కుళ్లుట తక్కువ యగునా? మరియు తక్కువ యగుటయే త్వరపడుటకు కారణము. చిన్న మంట నార్పుటకు కడవ నీరు చాలును. దేశమునందలి ప్రతివానిని పరీక్షింపుమని మేము కోరుట లేదు. ప్రమాదమున నున్నవారిని వారున్నచోటనే పరీక్షింపుమనుచున్నాము.

మరికొంద రనవచ్చును: 'ప్రజలే పరీక్షకు రారు, అజ్ఞానులు.' ఈ మాట మేము సహింపము. ప్రజలు పరీక్షకు వెఱచుట యజ్ఞానముచేత గాదు, అనుభవముచేత. పరీక్షలో 'ఉన్నది' యని తేలినవానికి మన మిచ్చుచున్నదేమి? శస్త్రచికిత్సకు వెనుకంజ, ఇంటిలో వేరు చెంబు, వేరు కంచము. ఒకే పంక్తిని భుజించుటచేత గాని, కౌగిలించుటచేత గాని, ఒకే నీరు త్రాగుటచేత గాని ఈ వైరసు సోకదని తెలిసియు మనమిట్లు చేయుచున్నాము. చిత్తూరు, కడప సీమలనుండి పొట్టకూటికై కువైటునకు పోవువారి మాట వినుడు. గల్ఫు దేశములకు పోవుటకు ముందు చేయు వైద్యపరీక్షలో హెపటైటిస్ సి పరీక్ష యొకటి. అందు తప్పినవాడు అయోగ్యుడు. ఏజెంటునకిచ్చిన యప్పు నెత్తిమీద నుండును, విమానము పోవును. ఇందలి క్రూరత్వమేమనగా, 84 దినముల మందు మ్రింగి పూర్తిగ స్వస్థుడైనవాని రక్తమునను ఆ మొదటి పరీక్ష 'ఉన్నది' యనియే చూపుచుండును. వైరసు పోయినను దాని యానవాళ్లు పెక్కు సంవత్సరములు నిలుచును. రోగము పోయినను ముద్ర పోదు! ఇట్టి ముద్ర వేయు పరీక్షకు చేయి చాపని కూలివా డజ్ఞానియా? వాడు మనకంటె లెక్క తెలిసినవాడు. పరీక్షవలన నష్టము మాత్రమే కలిగి లాభము కలుగనంతకాలము ఏ వివేకియు పరీక్షకు రాడు. పరీక్ష వెంటనే మందు, మందు వెంటనే మానము లభించునని చూపుడు. జనులు బారులుతీరి వత్తురు.

ఇది కలగాదనుటకు నిదర్శనములు కలవు. పంజాబు ప్రభుత్వము 2016 జూన్ నెలలో ఉచితచికిత్స ప్రారంభించి, జిల్లా ఆసుపత్రులలోనే మందులిప్పించినది. 2018 జూలై ముగియులోపల 48 వేలమందికి చికిత్స జరిగినది, నూటికి 91 మంది స్వస్థులైరి. ఈజిప్టు కథ యింతకంటె విచిత్రము. అచట ఒక తరము క్రిందట మరియొక రోగము మాన్పుటకై ప్రభుత్వమే ఊరూర సూదిమందులు వేయించినది. సూదులను సరిగ శుభ్రము చేయనందున హెపటైటిస్ సి దేశమంతట ప్రాకినది. ఆ ప్రభుత్వమే 2018 అక్టోబరు మొదలు 2019 ఏప్రిల్ వరకు సుమారు అయిదుకోట్ల జనులను పరీక్షించి, వ్యాధి కనబడినవారికి ఉచితముగ మందిచ్చినది. తాను చేసిన తప్పును తానే దిద్దుకొన్నది. పరదేశముల మాట యెందుకు? మన మదనపల్లె యొద్ద ఆరోగ్యవరమున క్షయరోగాలయ ముండెను. 1948 ఆగస్టులో దేశమునందు బి.సి.జి. టీకా తొలుత వేసినది ఆ మదనపల్లెలోనే. అచటి వైద్యులు రోగి తమ ద్వారమున కూలువరకు వేచియుండక, గ్రామములకు బోయి క్షయను వెదకిరి. మన సీమలో మనవారు చూడగ జరిగిన పనిని మరల చేయుటకు మనకు గురువు లక్కరలేదు.

కావున మా కోరికలు స్పష్టముగ చెప్పుచున్నాము. మొదటిది: త్వరితపరీక్ష డయాలిసిస్ గదికి, హెచ్.ఐ.వి. చికిత్సాకేంద్రమునకు, కారాగారమునకు, కల్యాణకట్టకు, పారిశుద్ధ్య కార్మికులు ముఖము చూపు చోటికి పోవలెను. రెండవది: వ్రేలిచుక్కలో 'ఉన్నది' యని తేలిన వెంటనే ఆ కూర్చున్న కుర్చీలోనే రెండవ పరీక్షకు రక్తము తీయవలెను. రక్తము ప్రయాణము చేయవలెను గాని రోగి చేయరాదు. ఫలితమును, మందును వాని యూరి దగ్గరి ఆసుపత్రికే పంపవలెను. మూడవది: రక్తదానము చేసినవాని రక్తమున వైరసు కనబడినచో సీసాను పారవేయుటతో పని ముగియలేదు, ఆ మనుష్యుని రహస్యముగ పిలిచి చెప్పి, చికిత్సకు చేయిపట్టి యప్పగింపవలెను. నాలుగవది: స్వస్థులైనవారికి వైరసు లేదని రెండవ పరీక్ష ననుసరించి ధ్రువపత్ర మిచ్చి, ఆ పత్రము చెల్లునట్లు గల్ఫు ప్రభుత్వములతో మన ప్రభుత్వము మాటలాడవలెను. అయిదవది: ఈ మందు వ్యాధిని మాన్పును గాని మరల రాకుండ కవచము గాదు, కావున ఒక్కొక్కరికి ఒక్కొక్క సూది యను నియమమును పల్లెవైద్యుని గుడిసెవరకు అమలుపరచవలెను.

ఆరవది యన్నిటికంటె ముఖ్యము. చిత్తూరు, తిరుపతి జిల్లాలలో నెంతమందిని పరీక్షించిరి, ఎందరియందు వైరసు నిజముగ నున్నది, అందు మందు మొదలుపెట్టినవా రెందరు, 84 దినములు ముగించినవా రెందరు, స్వస్థులైనవా రెందరు, ఈ యైదు సంఖ్యలను నెలనెల ప్రకటింపవలెను. పేర్లక్కరలేదు, సంఖ్యలు చాలును. ఎన్ని పరీక్షలు చేసితిమని చెప్పుట గొప్ప గాదు. పరీక్షించి మందియ్యకుండుట కంటె పరీక్షింపకుండుటయే దయ. మొదటి సంఖ్యకును చివరి సంఖ్యకును నడుమ జారిపోయినవారే ప్రభుత్వమునకు మా ప్రశ్న.

ఇక చదువరులతో నొక మాట. ప్రభుత్వమును నిందించి పత్రిక మడిచి ఇంటికి పోవుట సులభము. మీలో 2000వ సంవత్సరమునకు ముందు రక్తమెక్కించుకొన్నవారు, తరచుగ సూదులు పొడిపించుకొన్నవారు రేపే ప్రభుత్వాసుపత్రికి బోయి ఈ పరీక్ష చేయుమని యడుగుడు. లేదన్నచో ఎందుకు లేదని యడుగుడు. మీరు గౌరవనీయులు, మీ ప్రశ్నకు ఉత్తరము రావలసి యుండును. మీ వెనుక నిలిచిన కూలివాని ప్రశ్నకు ఉత్తరము రాదు. మీ రడిగిన దారిన వాడును లోపలికి రాగలడు. పెద్దమనుష్యుడు తన చేయి ముందుగ చాపినచో ఆ పరీక్షకు అంటిన సిగ్గు సగము పోవును.

మందు మన చెంతనే యున్నది. ధర్మము మన శాసనముననే యున్నది. 2030 యెంతయో దూరము లేదు. రానున్న జూలై 28వ తేదీన వేదిక నెక్కువారు ఉపన్యాసములకు ముందు ఆ యైదు సంఖ్యలను చదివి, పిదప మాటలాడుదురు గాక. చదువలేనివారు వేదిక దిగుదురు గాక.